తలుపు దించిన లస్కరు

ముప్పై రెండేళ్ళు లాకుల దగ్గర
తలుపులెత్తడమే నా ఉద్యోగం.
నేను చక్రం తిప్పితే
కింద పదకొండు ఊళ్ళు తడిసేవి.
ఇప్పుడు పెరట్లో, సిమెంటు వరలో నిలబడ్డ
ఈ ముళ్ళ స్తంభానికి
నీళ్ళు పొయ్యకుండా ఉండటం నేర్చుకుంటున్నాను.

కడియపులంక నర్సరీలో
అబ్బులు పారేయబోతుంటే తెచ్చాను.
"మొదలు కుళ్ళింది బాబాయ్,
ఎడారి సరుకు, మన గాలికి ఆగదు."
గోనెలో చుట్టి ఆటో వెనక సీటులో పడుకోబెట్టి
ఇద్దరు మనుషుల కిరాయి ఇచ్చాను.

కత్తి కాల్చి కోశాను,
ఆనపకాయ తరిగినట్టు చక్రాలు చక్రాలుగా,
గోధుమరంగు పోయి
తెల్లటి కండ కనపడేదాకా.
గంధకం అద్ది, నలభై రోజులు అటక మీద ఆరబెడితే
బెల్లం కుండకని చెయ్యి పెట్టిన పల్లాలమ్మ
నన్నూ దాన్నీ కలిపి తిట్టింది.

మన మట్టి దానికి పడదు.
గుప్పెట పిండితే కారే ఒండ్రు ఇది,
రెండు మూరలు తవ్వితే నీళ్ళు.
ఇటుకముక్కలు, ఏటి ఇసుక, ఊక బూడిద కలిపి
నేలలో కాదు, నేలకి పైన నాటాను.

కాలవలు కట్టేసి ఊరంతా బిందెలు మోసే నెలలో
దానికి రెండు చెంబులు.
గోదారి ఎర్రబడి గట్లు ఒరుసుకునే నెలల్లో
చుక్క లేదు.
పైన బరకం కట్టాను. వాన దాని మీద దబదబా బాదుతుంటే
లోపల పొడిగా నిలబడి వింటుంది.
హార్మోనియం తిత్తిలా మడతలు ముడుచుకుంటుంది.

"ఎండిపోతోంది, గుక్కెడు పొయ్యకూడదా!"
అంటుంది ఆవిడ.

ఈ మాట నాకు పాతదే.
లాకుల కాడ రాత్రిపూట లాంతర్లతో వచ్చి
అరంగుళం ఎత్తమనేవారు.
ఒకసారి ఎత్తాను.
జాలిపడే ఎత్తాను, డబ్బుకి కాదు.
తెల్లారేసరికి దిగువన భైరవసామి ఆకుమడి
నీళ్ళలో ఉంది.
అతను గట్టు మీద కూర్చుని
నన్నేమీ అనలేదు.
బీడీ ఉందా అని అడిగాడు, అంతే.

మొన్నటి తుఫానుకి
పడవ మోకుతో దీన్ని గుంజకి కట్టాను,
ఆ ముడి ఇంకా చేతికి గుర్తుంది.
కొబ్బరిచెట్లు రెండు ఒరిగాయి. ఇది ఒరగలేదు.
ఒక పక్క మాత్రం నల్లటి మచ్చ పడింది,
రోజూ గోటితో నొక్కి చూస్తున్నాను,
మెత్తబడితే మళ్ళీ కత్తే.

లాకు గోడ మీద నీటిమట్టానికి ఉన్నట్టే
పెరటి గోడ మీద అడుగులు, అంగుళాలు గీశాను.
నాలుగడుగుల రెండంగుళాలు.
ఏడాదికి మూడు వేళ్ళు లేస్తుంది,
అదీ దానికి బుద్ధి పుడితే.
"పువ్వెప్పుడురా?" అంటే అబ్బులు
నా తల వెంట్రుకల వంక చూసి
మాట మార్చేశాడు.

ఇవాళ సాయంత్రం
చెంబుతో వెళ్ళి, వరలో వేలు దింపాను.
రెండో కణుపు దగ్గర ఇంకా చెమ్మ.
కాసేపు నిలబడ్డాను,
దూరంగా లాకుల మీద కొత్త కుర్రాడెవరో
చక్రం తిప్పుతున్న కిర్రుమనే చప్పుడు.

చెంబు నీళ్ళు
నేనే తాగేశాను.