డ్యాష్‌బోర్డు మీద సబ్‌మెరైన్

హనుమంతవాక సిగ్నల్ దగ్గర వెలిగింది మొదటిసారి.
పసుపు రంగు. గోరంత బొమ్మ.
వెనక సీట్లోంచి మెడ చాచి మా చిన్నది
"నాన్నా, బీచ్‌లో సబ్‌మెరైన్!" అంది.
నిజమే, అలాగే ఉంది.
మునగడం మానేసి ఒడ్డునెక్కినట్టు
మీటర్ల మధ్య కూర్చుంది.

కారు మామూలుగానే నడుస్తోంది.
అదే నా భయం.
దగ్గు లేదు, పొగ లేదు,
నొప్పెక్కడో చెప్పని మనిషి
మొహం మాత్రం అలా పెట్టుకుని ఎదురుగా.

కంచరపాలెంలో అప్పలకొండ బానెట్ ఎత్తాడు,
బీడీని పెదవి మీంచి చెవి మీదకి మార్చాడు.
"సెన్సారు పోనాది బావూ. నాలుగు వేల రెండొందలు.
నా మాట మీద నమ్మకం నేదా?"
ఉంది. నమ్మకమే ఉంది, డబ్బు అప్పుచేశాను.
దీపం ఆరింది,
ఊర్వశి జంక్షన్ దాటేదాకా.

ఎన్ఏడీ దగ్గర కంపెనీ షోరూంలో
ఏసీ, కాఫీ మిషను, టై కట్టుకున్న కుర్రాడు.
చూడ్డానికే ఎనిమిది వందలు.
చేతిలో పలక మీద ఒక అక్షరం, నాలుగంకెలు.
"కంట్రోల్ యూనిట్ మార్చాలి సార్, ముప్పై ఎనిమిది వేలు."
అదే పోయిందని ఎలా తెలుసు?
"మార్చాక తెలుస్తుంది సార్."
ఇంత నిజాయితీగా ఎవరూ నన్ను దోచుకోబోలేదు.

మర్రిపాలెం వంతెన కింద జానీబాషా
పెట్రోల్లో నీళ్లన్నాడు, ట్యాంకు కడిగాడు, పన్నెండొందలు.
అక్కయ్యపాలెంలో అతనికి పని నేర్పిన ముసలాయన
"ఆడికేటి తెల్సు, ఎలకలు వైరు కొట్టీసినాయి" అన్నాడు.
ఎలకేదీ అంటే
"నిన్ననే ఎల్లిపోనాది."

"ఎవడు ముట్టుకున్నాడు దీన్ని?"
ప్రతి వైద్యమూ ఈ తిట్టుతోనే మొదలు.

మా బావమరిది డబ్బు తీసుకోలేదు.
నల్లటేపు ముక్క కొరికి, బొమ్మ మీద అంటించి
"అయిపోనాది" అన్నాడు.
రెండు వారాలు హాయిగా తిరిగాను.
ఒక రాత్రి ఎయిర్‌పోర్టు సవారీ దింపి వస్తుంటే
టేపు అంచు చుట్టూ సన్నగా పసుపు,
మూసిన తలుపు కింద
ఎవరో ఇంకా పడుకోనట్టు.
పీకేశాను.

తెల్లారగట్ల నాలుగింటికి ఫిషింగ్ హార్బర్.
ఎదురుగా కొండ మీద లైట్‌హౌస్ తిరుగుతోంది.
అదీ అంతే, జాగ్రత్త అంటుంది,
ఏ రాయో చెప్పదు.
కానీ దాని పేరు చెప్పి ఎవరూ నన్ను డబ్బడగలేదు.

మైలపల్లి నూకరత్నం మూడు పెట్టెలు ఎక్కించింది,
ఏడాదిగా రోజూ ఎక్కించేవే,
పక్కన ఒదిగి కూర్చుని
"ఆ దీపమేటి బావూ?"
మొత్తం చెప్పాను, పైసలతో సహా.
ఆవిడ మాట్లాడలేదు.
సీటు కింద చెయ్యి దూర్చి, తీసి,
వేలు నాలిక మీద పెట్టుకుంది.
"ఉప్పు.
నా ఐసు నీల్లే. పెట్టి కారతంది."

సీటు ఎత్తాం. సెల్‌ఫోన్ వెలుగులో
వైర్ల ముడి మీద పచ్చగా చిలుము,
తోమని రాగిచెంబు అడుగులా.
పాత టూత్‌బ్రష్షు, సీసా మూతడు స్పిరిట్.
ఇంతే ఖర్చు.

ఇప్పుడు పెట్టెల కింద ప్లాస్టిక్ పట్టా వేస్తోంది.
అప్పలకొండకిచ్చిన డబ్బు తానే తీరుస్తానంటుంది,
వారానికో పోగు కవళ్ల లెక్కన.
వద్దన్నాను.
రెండోవారం నుంచి వద్దనలేదు.

హనుమంతవాక సిగ్నల్ దగ్గర
ఇప్పటికీ నా కళ్లు ముందు అక్కడికే పోతాయి.
నిన్న చిన్నది కూడా వెతికింది.
"సబ్‌మెరైనేది నాన్నా?"

మునిగిందమ్మా, అన్నాను.