ఒక గంట ఆగాక

మా నేల కింద అంతా బోలు.
స్లొవేనియాలో, ఈ కార్స్ట్ మెట్ట మీద
ఎంత వాన కురిసినా ఏరు పారదు.
సున్నపురాయి నోరు తెరిచి తాగేస్తుంది,
తాగిన నీరే లోపల్లోపల రాయిని తాగేస్తుంది.
చిన్నప్పుడు గుహల్లో లాంతరు పట్టుకు తిరిగినవాణ్ణి,
ఈ సంగతి నాకైనా తట్టి ఉండాల్సింది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు
సహకార సంఘం నేలమాళిగలో
తెరాన్ వైన్ రుచి చూశాను.
ఎర్రమట్టి కన్న పులుపది,
పీపా మూత తీస్తేనే దవడల్లో నీళ్ళూరతాయి.
పొద్దుటిపూట నలభై గ్లాసులు:
పుక్కిట పట్టి, నాలుక మీద దొర్లించి,
పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చి
రంపపుపొట్టు బాల్చీలో ఉమ్మెయ్యడం.
ఒక్క గుక్క మింగలేదు.
తాగుబోతునని ఊళ్ళో ఎవడూ అనలేదు.

ఇంకొకటి గర్వంగా చెప్పుకునేవాణ్ణి.
చివరి గ్లాసు దించిన మరుక్షణం
కుళాయి దగ్గర నిలబడి
గట్టి బ్రష్షుతో
భుజం నొప్పెట్టేదాకా తోమేవాణ్ణి.
నల్లబడ్డ పళ్ళతో ఇంటికెళితే
ల్యుద్మిలా ముద్దు పెట్టనివ్వదు మరి.

మొదట చన్నీళ్ళు చెప్పాయి.
తర్వాత ఉత్తరపు గాలి చెప్పింది,
బుర్యా వీచిన రోజు
పెదాలు బిగించుకుని నడిచాను.
చివరికి అద్దం:
ముందుపళ్ళ అంచులు గాజుపెంకుల్లా పలచబడి
వెనక చీకటి కనిపిస్తోంది.
తోమేకొద్దీ పసుపు.
మురికేమోనని ఇంకా తోమాను.
మురికి కాదది, పన్ను లోపలి పన్ను.

సెజానాలో పళ్ళ డాక్టరు నెవెంకా,
గుహలు చూపించే బొగొమీర్ కూతురు,
చిన్న అద్దం నోట్లో పెట్టి
చాలాసేపు పన్నెత్తి మాట్లాడలేదు.
పిప్పి లేదు. చిగురువాపు లేదు.
"మీ నోట్లో మన కార్స్టే ఉంది, స్తోయాన్ బాబాయ్" అంది.
పులుపు తగిలిన పింగాణీ
కాసేపు నానిన గోడసున్నంలా ఉంటుందట.
అప్పుడే చీపురు పట్టుకుంటే
దుమ్ముతో పాటు గోడా ఊడొస్తుందట.
"తోమడం తప్పు కాదు. ఆ వేళ తప్పు."

పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు.
నాకు రాయి కూడా అక్కర్లేకపోయింది.
శుభ్రత సరిపోయింది.

మళ్ళీ పెరుగుతుందా అనడిగాను.
గుహ కప్పు నుంచి చుక్క చుక్కగా
సున్నం దిగి స్తంభాలు లేస్తాయి గదా!
ఆ పిల్ల నవ్వలేదు.
"మెత్తబడ్డదాన్ని ఉమ్మే గట్టిపరుస్తుంది,
దాని పని దాన్ని చేసుకోనివ్వండి.
పోయింది మాత్రం పోయిందే.
మా నాన్న గుహలో అన్ని స్తంభాలు లేచాయి,
గుహ పూడిందా?"

చీటీ రాసిచ్చింది, మందులు తక్కువ, ఓపిక ఎక్కువ.
ఉమ్మిన వెంటనే వట్టి నీళ్ళతో పుక్కిలింత.
ఓ చీజు ముక్క, నిదానంగా నమలాలి.
మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడు పేస్టు,
గంట ఆగాకే.

గంటసేపు ఏం చెయ్యాలో చెప్పలేదు.
నేలమాళిగ మెట్టు మీద కూర్చుంటున్నాను.
గోడలో ఎక్కడో నీటిచుక్క పడుతుంది,
ఇన్నేళ్ళూ ఉన్నదే, నేను విననిది.
మొన్న కొత్తగా చేరిన కుర్రాడు తాదెయ్
నల్లటి పళ్ళతో, బ్రష్షు చేతబట్టి
కుళాయి వైపు పరుగున పోతుంటే
మణికట్టు పట్టుకుని ఆపాను.
నోటినిండా చీజు, మాట రాదు.
నా గడియారం వాడి ముఖానికి చూపించాను.
పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి
పక్కన కూర్చున్నాడు.

ల్యుద్మిలా కూడా నేర్చుకుంది.
గుమ్మంలో నా నల్లటి నోరు చూసి
తల ఎత్తకుండానే అంటుంది:
ఇంకా ఇరవై నిమిషాలుంది, ముందు కట్టెలు తే.