కొత్త రంధ్రం

ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే:
"కొత్త రంధ్రం పడకూడదు."
తాళాలు బల్ల మీద పెట్టి, చేతి తొడుగులు వేసుకుని
మోంటెవిడియో జూలై చలిలోకి నడిచిపోయింది.
మీర్తా ఎచెవెరి, నోటరీ.
నోటి మాట కూడా ముద్ర గుద్దినట్టే ఉంటుంది.

అరవై రెండు నాటి ప్యూజో. తండ్రిగారిదట.
డాష్‌బోర్డులో దంతం రంగు మీటల రేడియో,
గాజు వెనక సన్నటి ముల్లు
ఏ స్టేషనూ లేని చోట ఎప్పుడో ఆగిపోయింది.
ఆ ముఖం చెక్కుచెదరకూడదు.
ఎడమ మీట తిప్పితే వేళ్ళకు అదే పాత బిగువు తగలాలి,
పాట మాత్రం ఫోన్లోంచి రావాలి.

మెలికలు తిరిగి స్టీరింగ్ కింద దూరాను.
సబ్బుబిళ్ళంత యాంప్లిఫయరు గ్లవ్‌బాక్సు వెనక ఒదిగింది.
ముందు స్పీకరు పాత జాలీ కిందే సర్దుకుంది.
మిగిలింది ఒక్క తీగ, వెనక సీటు దాకా.
దానికే దారి లేదు.
"డ్రిల్లు పెట్టేద్దాం, తివాచీ కింద ఎవరు చూడొచ్చారు?"
అన్నాడు టార్చి పట్టుకున్న రమీరో.
"ముందు తివాచీ ఎత్తు" అన్నాను.

దుమ్ము. బస్సు టికెట్టు ముక్క. ఒక తలపిన్ను.
సీటు కింద
మిఠాయి డబ్బా రేకు కత్తిరించి చేసిన గూడు,
గూట్లో క్యాసెట్ ప్లేయరు,
దాని తీగ కోసం శనగగింజంత రంధ్రం,
అంచు కోసుకోకుండా సైకిల్ ట్యూబు ముక్క.
పని నేర్చిన చెయ్యి కాదు. కానీ ఎంత ఓపిక!
రేకు మీద పెన్సిలుతో ఒక ఎం, పక్కన 1979.

ఆ ఏడు మా వీధిలో
కొన్ని పాటలు కిటికీలు మూసుకుని వినేవాళ్ళు.
దాచడం అప్పట్లో అందం కోసం కాదు.
క్యాసెట్ మీద పేరు లేదు. కదపలేదు.
నా తీగనీ ఆ రంధ్రంలోంచే పోనిచ్చాను.

సాయంత్రం వచ్చింది.
"రంధ్రం?"
"కొత్తది లేదండీ."
ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి
రసీదు పుస్తకంలో సంతకం పెట్టింది.
ఎం మొదటి కాలికి చిన్న చుట్టు,
రేకు మీద చూసిన చుట్టే.
తేలు కుట్టిన దొంగల్లా
ఇద్దరం కిమ్మనలేదు.

నదీతీరపు మలుపులో ఎర్రలైటు దగ్గర ఆగింది బండి.
అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి.
ఏం వింటోందో తెలీదు.
స్టీరింగ్ మీద చూపుడువేలు
తాళం వేస్తోంది,
కాస్త తప్పుతూ.