తుడవబాక

వాణ్ణి బడికెందుకు పంపవని అడిగిన వాళ్ళకి
ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్తాను.
పాలాయనకి ఆయాసమని,
మా ఆడబిడ్డకి వ్యాను పడదని,
ఎదురింటి రిటైర్డ్ తాసిల్దారుకి
'వచ్చే ఏడు చూడాలండీ' అని.
ఆ లెక్కన ఈ ఇంట్లో కథలల్లేది
మాల్యాద్రి ఒక్కడే కాదు.

మార్కాపురంలో కాయితానికి కరువొస్తుందేమో గానీ
రాయడానికి రాయికి కరువు లేదు.
వాళ్ళ తాత చట్రాలు బిగించిన ఫ్యాక్టరీ మూతపడ్డాక
వెనక గోడ కింద మిగిలిన పలక పెచ్చుల్ని
తట్టతో మోసుకొచ్చుకుంటాడు.
మూల విరిగినవి, నెర్రె పట్టినవి,
అరచెయ్యంతవి, ఒకటైతే అచ్చం చేపలాగుంటుంది.
చేప పెచ్చు మీద చేప కథ రాయమన్నాను.
నా వైపు జాలిగా చూశాడు.

మొదటి పాఠం నేనే ఎంచాను:
వాన మీద పది వాక్యాలు.
"యాడుందమ్మా వాన?" అన్నాడు.
నిజమే. పైన చూస్తే
ఆకాశం కడిగి బోర్లించిన సత్తుగిన్నె.
నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజు అది.
వరసలో నా కొంగు పట్టుకుని నిలబడి
ఏ బిందె ఏ బిందెను ఏమని తిట్టిందో
చెవిలో చెప్పాడు, ట్యాంకరు ఖాళీ అయ్యేదాకా.
ఆ పూటకి పాఠం అయిపోయిందని
నాకు రాత్రికి గానీ తెలీలేదు.

చెప్పేటప్పుడు ఏరు.
రాయమంటే ఎండాకాలం గుండ్లకమ్మ.
బలపం కొరుకుతాడు, మింగుతాడు కూడా.
సరే, నువ్వు చెప్పు, నేను రాస్తానన్నాను.
తోడేలు వచ్చింది. మేక వచ్చింది.
"గాలి దగ్గతా ఉండాది" అన్నాడు.
నేను 'గాలి వీస్తోంది' అని రాశాను.
చదివి వినిపిస్తుంటే, ఆగు ఆగన్నాడు.
"గాలికి పలక దుమ్ము పట్టిందమ్మా.
దగ్గకుండా ఎట్టా పోతది?"

వాళ్ళ తాత అట్టాగే దగ్గేవాడు
తెల్లారుజామున, గోడ అవతల.
వీడు పుట్టకముందే పోయాడు.
ఎవరు చెప్పారో. ఎవరూ చెప్పలేదేమో.
తుడిచాను. మళ్ళీ రాశాను:
గాలి దగ్గతా ఉండాది.

ఇంకో పేచీ ఉంది.
నాది ఆత్మకూరు, నెల్లూరి వైపు.
మా నాలిక మీద పోబాక, చెప్పబాక.
వాళ్ళ నాయన వైపు పోమాక, చెప్పమాక.
పెళ్ళైన కొత్తలో ఆ ఒక్క అక్షరానికి
వంటింట్లో అందరూ ఎంత నవ్వారో నన్ను!
రాతలో మాత్రం రెండూ కాదు,
'వద్దు' అనాలని వాడికి
ఎర్ర సుద్దతో గీత గీసి మరీ చెప్పాను.
బుద్ధిగా తలూపాడు.
కథలో తోడేలు "పారిపోమాక" అంది.
మేక "దగ్గరికి రాబాక" అంది.
"రెండింటికీ వద్దు పెడితే
చీకట్లో ఎవరు మాట్లాడతా ఉండారో
ఎట్టా తెలస్తది?" అన్నాడు.

ఆ మేక ఎవరని నేను అడగలేదు.
పొయ్యి మీద పప్పు పొంగింది, లేచిపోయాను.

ఇవాళ పొద్దున కిటికీ గట్టు మీద
ఏడు పెచ్చులు వరసగా నిలబెట్టి ఉన్నాయి.
వాడి చేతిరాత. మొదటిసారి.
ఒత్తులు ఎగిరిపోయినయ్, 'ళ' బదులు అన్నిచోట్లా 'ల',
అయిదో పెచ్చులో గాలి మందు తాగింది,
ఆరో దాంట్లో దానికి నిద్ర పట్టింది.
ఏడోది సగం ఖాళీ.
ఎక్కాలు చెప్పాల్సిన వేళని
నేను తడిగుడ్డ అందుకున్నానో లేదో
ఆ ఖాళీ అడుగున, అంచుకి ఆనుకుని
చీమలంత అక్షరాలు:

అమ్మా తుడవబాక. ఇంకా ఉండాది.

బాక అని రాశాడు.

గుడ్డ పిండి తీగ మీద ఆరేశాను.
పదమూడో ఎక్కం
నోటితోనే చెప్పించాను.