లేత గులాబీ దగ్గర ఆపాలి

మా ఇంట్లో నేనే తపాలా.
ఆరడుగుల ఎడంలో కూర్చుని
"గ్యాసు అయిపోవచ్చిందని మీ నాన్నకు చెప్పు" అంటుంది అమ్మ.
"డబ్బులు పోయినవారమే ఇచ్చానని మీ అమ్మకు చెప్పు" అంటాడు నాన్న.
ఇద్దరికీ వినపడుతుంది. అయినా నేను చెప్పాలి.
ఒక్కోసారి మాటలోని ముల్లు తీసి అందిస్తాను,
అది నా వేలికి దిగుతుంది.

కొరుక్కుపేట గేటు పడితే
గూడ్సుబండి యాభై ఎనిమిది పెట్టెలు.
పెట్టెకో మూలకం అప్పజెప్పుకుంటూ సైకిలు పట్టుకుని నిలబడతాను.
హైడ్రోజన్, హీలియం, లిథియం...
ఇరవై ఆరో పెట్టె ఇనుము.
రాత్రి అమ్మ విసిరిన మూకుడు అక్కడ మళ్లీ మోగుతుంది,
లెక్క తప్పుతుంది.

అర్ధసంవత్సరం పరీక్షలో కెమిస్ట్రీ
డెబ్బైకి పంతొమ్మిది.
కాగితం అడుగున తల్లి లేక తండ్రి సంతకం అని ఒక గీత.
"ఫీజు కట్టేవాళ్లనే అడుగు" అంది అమ్మ.
"కన్నదాన్నడుగు" అన్నాడు నాన్న.
'లేక' అనే ఆ ఒక్క మాట మీదే
మా ఇల్లంతా నిలబడి ఉందని అప్పుడు చూశాను.

ఖాళీ గీతను మరకతం టీచర్ కూడా చాలాసేపు చూసింది.
ఎందుకని అడగలేదు.
అడిగి ఉంటే ఏడ్చేదాన్ని,
ఏడ్చి ఉంటే మళ్లీ ఆ ల్యాబు గడప తొక్కేదాన్ని కాదు.
"సాయంత్రాలు పిపెట్లు కడగడానికి మనిషి లేదు మా,
నువ్వొస్తావా?" అంది
అరవం అంచు కుట్టిన తెలుగులో.

పిపెట్లెన్ని ఉంటాయి, పది నిమిషాల పని.
ఆ తర్వాత కిటికీ పక్క చివరి బల్ల నాది.
ఆమె పేపర్లు దిద్దుతుంది, నేను లెక్కలు వేస్తాను.
మధ్యలో కాగితం పొట్లంలో వాళక్కాయ్ బజ్జీ,
నూనె మరక మెల్లగా నా నోట్సులోకి పాకుతుంది.
ఆ గదిలో ఎవరి మాటా ఇంకొకరికి మొయ్యనక్కర్లేదు.
ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా కూడా
కోపం లేకుండా ఉండొచ్చని
పదిహేడేళ్లకు తెలిసింది నాకు.

దేవతేం కాదు. సుద్దముక్క గురి తప్పేది కాదు.
"బాణానికి ఇటూ అటూ సరిపోవాలి మా!
సరిపోకపోతే అది సమీకరణం కాదు, ఇంట్లో తగాదా."
అనేసి నాలుక్కరుచుకుంది.
మిగిలిన ఒక్క బజ్జీ నా వైపు జరిపింది.

కుళ్లిన గుడ్ల కంపు జుట్టుకు పట్టించుకుని ఇల్లు చేరితే
"ఎక్కడ తిరిగొస్తోందో మీ నాన్నని అడగమను" అనేది అమ్మ,
నా గురించిన మాటకూ నన్నే తపాలాగా పెట్టి.

ప్రాక్టికల్సు ముందురోజు రాత్రి
అమ్మ సూట్‌కేసు సర్దుకుని తిరువొత్తియూరు పిన్నింటికి వెళ్లిపోయింది.
తెల్లవారుజామున అయిదింటికి ఫోన్ చేశాను.
"చేతులు వణుకుతున్నాయి టీచర్."
ఓదార్చలేదు. అవతల కుక్కర్ కూత ఒకటి, తర్వాత ఆమె.
"వణకనీ మా. బ్యూరెట్టు స్టాండుకు బిగించే ఉంటుంది కదా.
చెయ్యి వణికినా చుక్క నేరుగానే పడుతుంది."

పడింది.
పర్మాంగనేటు ఊదాచుక్క, ఇంకో చుక్క,
రంగు వచ్చినట్టే వచ్చి మాయమవడం,
ఆఖరికి పోకుండా నిలిచిన లేత గులాబీ.
అక్కడ ఆపాలి.
ఒక్క చుక్క ఎక్కువైతే అంతా పాడు.
మా ఇంట్లో ఎవరికీ రాని విద్య అది.

నాలుగో రోజు అమ్మ తిరిగొచ్చింది.
ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.
థియరీ పరీక్ష ముందు రాత్రి
"లైటు తీసెయ్యమని మీ అమ్మకు చెప్పు" అన్నాడు నాన్న.
నేను పుస్తకంలోంచి తలెత్తలేదు.
"నాకు రేపు పరీక్ష ఉంది నాన్నా."

ఆయన మాట ఇద్దరి మధ్యా గచ్చు మీద పడి
తెల్లవార్లూ అలాగే ఉంది.
లైటు కూడా.