ఇరవై సెంటావోల పేజీ

సూక్రే ఊళ్ళో గోడలన్నీ తెలుపే.
ఏటా సున్నం కొట్టాల్సిందే, రూలు.
లా కాలేజీ గేటుకెదురుగా
ఆ తెలుపు మాసిపోయిన ఒకే ఒక్క చోటు
దోన్ సతుర్నీనో జిరాక్స్ కొట్టు.
సాయంత్రం ఐదు నుంచి పది దాకా నేనక్కడే.
పేజీకి ఇరవై సెంటావోలు,
రెండు వైపులా అయితే ముప్పై.

అద్దం కింద ఆకుపచ్చ వెలుగు
ఈ చివర నుంచి ఆ చివరికి ఈదుతుంది.
అది తిరిగొచ్చేలోపు నాకు దక్కేవి మూడు వాక్యాలు.
మెడిసిన్ వాళ్ళ కాలేయంలో మూడు,
బంగాళాదుంప తెగుల్లో మూడు,
ఎవరో సన్నటి అమ్మాయి గుండెకు హత్తుకుని తెచ్చిన
నక్షత్రాల చావులో మూడు.
ఆగని బస్సు కిటికీలోంచి చూసిన ఊళ్ళు.
పేర్లు తెలుసు. దారి అడక్కండి.

దోన్ సతుర్నీనో మూడో తరగతితో బడి మానేసినవాడు.
స్పానిష్ చదివితే పెదాలు కదులుతాయి,
డబ్బులు లెక్కపెట్టేది మాత్రం కెచువాలోనే.
పుస్తకాన్ని మూసి, నిలబెట్టి,
కాగితాల అంచు మీద నల్లగీత ఎక్కడుందో చూస్తాడు.
"ఇక్కడ అడుగుతారు."
లాయర్ల కొడుకులు, జడ్జీల మనవరాళ్ళు
పరీక్ష ముందు రాత్రి వరసలో నిలబడి
"దోన్ సతూ, ఈసారి ఏ పేజీ?" అంటారు.
ఎలా తెలుస్తుందని నేనూ అడిగాను ఒకసారి.
టోనర్ మసి తుడుచుకుంటూ అన్నాడు:
"భయమేసిన చోటే కదమ్మా
వేలు ఎక్కువసేపు ఆగేది."

గదిలో దెల్మీరా, నర్సింగ్ రెండో ఏడు,
నిద్రలో ఎముకల పేర్లు కలవరిస్తుంది.
రెండొందల ఆరు ఎముకల్లో
నూటపది నాకూ వచ్చేశాయి, దుప్పట్లోంచే.
తెల్లారేసరికి తనకి అరవై గుర్తుంటాయి.
మిగతావి నా దగ్గర దాచుకుందేమో.

పొద్దున్నే గేటు దగ్గర
ఊదారంగు మొక్కజొన్న ఆపి అమ్మే దోన్యా కసిమిరా
గ్లాసు చేతికిస్తూ, అడక్కుండానే ఓ మాట చెప్పింది:
"అప్పడిగేవాడు నోరు తెరిచే ముందు
చిన్నగా దగ్గుతాడు. విన్నావా ఎప్పుడైనా?"
వినలేదు.
ఆ రోజు నుంచి వినడం మొదలుపెట్టాను.
బజార్లో, హాస్టల్ మెట్ల మీద, చర్చి వెనక బెంచీల దగ్గర
ఎన్ని దగ్గులో.
నాదీ అందులో ఒకటి,
అద్దె కట్టాల్సిన వారం.

మౌఖిక పరీక్ష. ఒప్పందాల చట్టం.
ప్రొఫెసర్ ఉర్కీదీ కళ్ళజోడు పైనుంచి చూశాడు.
"ఒప్పందం ఎక్కడ మొదలవుతుంది?"
రెండొందల పద్నాలుగో పేజీలో
నాకున్న మూడు వాక్యాలూ అప్పజెప్పాను.
తర్వాత అద్దం ఖాళీ. వెలుగు తిరిగి రాలేదు.
ఇక ఏం చేయను, దగ్గు గురించి చెప్పాను:
సంతకానికి ముందు, మాటకి కూడా ముందు,
గొంతులో ఒక మనిషి తలవంచుకునే చప్పుడు ఉంటుందని,
నాకు తెలిసి అక్కడే మొదలని.

బల్ల చివర ఎవరో కిసుక్కున నవ్వారు.
ఆయన నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు.
నూటికి యాభై ఒకటి.
పాసవడానికి కావలసింది సరిగ్గా అంతే.
ఆ ఒక్క మార్కు వాక్యాలకా, దగ్గుకా?
ఇప్పటికీ తెలీదు.

జూన్‌లో ఒక రాత్రి, షట్టర్ సగం దించాక,
కోటు కాలరెత్తుకుని ఆయనే వచ్చాడు.
చేతిలో ఒకే కాగితం, పైన ఆసుపత్రి ముద్ర.
"రెండు కాపీలు. చిల్లర లేదు, రేపిస్తాను."
అనే ముందు, చిన్నగా దగ్గాడు.
అది ఇరవై సెంటావోల దగ్గో,
మరోటో.

దోన్ సతుర్నీనో కాగితం అందుకోబోయాడు.
నేనే తీసుకుని బోర్లించాను.
ఆకుపచ్చ వెలుగు వెళ్ళింది,
తీరుబడిగా తిరిగొచ్చింది, మళ్ళీ వెళ్ళింది.
గోడ మీద బల్లిని చూస్తూ నిలబడ్డాను.
వెచ్చటి కాగితాలు మడిచి ఇచ్చాను.

ఆ మూడు వాక్యాలు
నేను చదవలేదు.