బట్వాడా

శనివారం నాలుగింటికి
గ్రైండర్ల చప్పుడు కొంచెం తగ్గుతుంది.
ఎవరూ గంట కొట్టరు.
వారం అయిపోయిందని చేతులకే తెలుస్తుంది.

ఆటోనగర్లో మూడో అడ్డరోడ్డు, రేకుల షెడ్డు.
బోర్డు మీద 'విశాల బాడీ బిల్డర్స్'.
ఒకసారి ఓ కుర్రాడొచ్చి నెలకు ఫీజెంతని అడిగాడు.
మేం కట్టేది లారీల ఒళ్ళు నాయనా, మనుషులది కాదన్నాను.
ఆ రోజుల్లో నవ్వడానికి తీరిక లేదు, అయినా నవ్వాం.
ఇప్పుడు తీరికే ఉంది.

పదకొండేళ్ళు ఇక్కడ పద్దులు రాశాను.
పాత యజమాని చేతులెత్తేసిన ఏడాది
నా నాలుగు గాజులూ, తమ్ముడి హామీ సంతకమూ కలిపి
ఈ కప్పు కిందకి యజమానినై వచ్చాను.
జమ ఎటో ఖర్చు ఎటో
కళ్ళు మూసుకుని చెప్పగలదాన్ని,
వ్యాపారం కూడా వచ్చనుకున్నాను.

ఇనుము పొద్దున ఒక ధర, మధ్యాహ్నం ఇంకొకటి.
ఫైనాన్సు వాళ్ళు ఎత్తితే 'చూద్దామమ్మా',
ఎత్తకపోతే అదీ ఒక జవాబే.
కొత్త లారీలు కంపెనీలోనే ఒళ్ళు తొడుక్కుని వస్తున్నాయి.
చిలకలూరిపేట ఆసామి పావలా వంతు అడ్వాన్సిచ్చి
వదిలిపోయిన ఛాసిస్ ఒకటి
చొక్కా కుట్టడం కాని పెళ్ళికొడుకులా
షెడ్డు మధ్య నిలబడి ఉంది.

ఆరుగురు మనుషులు.
సొరుగులో నలుగురికి సరిపడా.
ఎటునుంచి కూడినా
ఇద్దరు బయటే మిగులుతున్నారు.

పోయిన శనివారం
ఖాతా పుస్తకం తెచ్చి
వెల్డింగు బల్ల మీద తెరిచి పెట్టాను.
చూడండి, అన్నాను.
మస్తాన్ వలీ జేబులో కళ్ళజోడు వెతుక్కున్నాడు.
చదువురాని ఏసోబు కూడా
వేలితో గీతలు పట్టుకుని కిందికి దిగాడు.
ఎర్రసిరా దగ్గర వేలు ఆగింది.

'పర్లేదమ్మా' అని ఎవరూ అనలేదు.
ఎందుకంటారు? బియ్యం కొట్టువాడు అంటాడా?
వడ్రంగి భద్రాచారి మొత్తం అడిగి తీసుకున్నాడు,
కూతురికి కంటి ఆపరేషన్, తీసుకోవాలి.
కోటయ్య సోమవారం నుంచి కానూరులో
గేట్ల షాపుకి వెళ్తానన్నాడు.
వెళ్తూ వెల్డింగు అద్దాలు కొక్కానికే వదిలేశాడు.
మరిచాడో,
చోటు అట్టే పెట్టుకున్నాడో,
అడగలేదు.

లారీ వెనక్కి వచ్చేటప్పుడు
క్లీనరు నిలబడి 'రానీ రానీ' అంటాడు చూడండి,
వాడికి గోడ కనిపిస్తుంది.
నాకు గోడా కనిపించదు, సందూ కనిపించదు.
'రానీ రానీ' అనడం మాత్రం మానలేదు.

ఆ సాయంత్రం చీపురు పట్టుకుని
హెల్పరు సైదులు అన్నాడు:
"పనులు పోయినోళ్ళందరూ ఇడ్లీలే ఏస్తన్నారు గదమ్మా,
మరి ఆళ్ళకి బండ్లెవరు కడతన్నారు?"

మూల పడున్న తుమ్మచెక్క, ముక్కల రేకు,
పాత ఆటో చక్రాలు నాలుగు.
మంగళవారానికి మొదటి బండి లేచింది.
పెయింటరు దేవసహాయం,
ముప్పై ఏళ్ళుగా లారీల వెనకే రాసిన చెయ్యి,
తామరపువ్వు వేసి, రెండు చిలకలు వేసి,
కింద అలవాటుగా 'హారన్ ప్లీజ్' అని రాసేశాడు.
చెరుపుతానంటే
పటమట నుంచొచ్చిన ఆవిడ ఒప్పుకోలేదు,
"ఉండనీండి, కొట్టినోడికి ఒక వడ ఎక్కువేస్తా" అంది.
ఛాసిస్ దగ్గర నిలబడి అందరం నవ్వాం.

లారీకి వచ్చేదాంట్లో ఇదెంత, చెప్పుకుంటే సిగ్గు.
ఇవాళ ఐదుగురు.
సొరుగులో నలుగురికుంది,
ఇంకో సగం మనిషికీ ఉంది.
ఆ రెండో సగం కోసం
పొద్దుట్నుంచి ఎవరికి ఫోన్ చేయాలా అని
పేర్లు కొట్టేస్తూ కూర్చున్నాను.

నాలుగు దాటింది.
గ్రైండరు ఇంకా తగ్గలేదు.
వారం అయిపోయిందని
చేతులకి ఇంకా తెలిసినట్టు లేదు.

నేను చెప్పను.